మేడమ్ ఇన్షిరాహ్ లాగిన్

జనవరి 8, సోమవారం

డైరెక్టర్ సఫ్వత్ గారికి ఇవాళ జ్ఞానోదయమైంది. గురువారం కైరో నుంచి పెద్దాయన ఎవరో తనిఖీకి వస్తున్నాడట. ఆలోగా మన డయాలసిస్ చీటీల మీద గద్ద ముద్ర, దాని కింద సెంటరు కొత్త పేరు అచ్చవ్వాలట. "గద్ద లేకపోతే అది సర్కారు కాగితమా, తామియా వడలు పొట్లం కట్టుకునే పేపరా?" అని అందరి ముందూ అరిచాడు.

చీటీలో ఉండేదంతా మూడు వరసలు. రోగి పేరు, బరువు, రక్తం గడ్డకట్టకుండా సీసాలోంచి ఎన్ని మిల్లీలీటర్ల మందు తీసి ఎక్కించాలో ఆ అంకె. దీని నెత్తిన పక్షి ఒకటి తక్కువైంది. పక్షి కావాలంటే ప్రోగ్రామంతా మళ్ళీ కంపైల్ చెయ్యాలి.

రేపు మా గది సీనియర్ ప్రోగ్రామరు మేడమ్ ఇన్షిరాహ్ రాదు. మార్చిలో రిటైరవుతోంది కదా, పెన్షన్ ఆఫీసు క్యూలో నిలబడాలి. "నా లాగిన్‌తో కానిచ్చెయ్. నీ లాగిన్ వచ్చేసరికి నీకు మనవలు పుడతారు" అంది. నా దరఖాస్తు కైరోకి వెళ్ళి ఏడు నెలలైంది, దానికీ గద్ద ముద్రే పడాలి. అప్పటిదాకా ఈ గదిలో పనంతా ఆవిడ పేరు మీదే. ఆవిడ పాస్‌వర్డ్ ఆవిడ పెళ్ళి తేదీ. "మా ఆయనకి గుర్తులేదు, నీకు గుర్తుంది. ఆ రోజుల్లో కనిపించావు కాదు" అని నవ్వింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "హాజరు పుస్తకంలో నా సంతకం పడెయ్. చివర తోక మర్చిపోకు" అంది. ఎలా మర్చిపోతాను, నా సంతకం కంటే ఆవిడదే నాకు బాగా వస్తుంది.

జనవరి 9, మంగళవారం

పొద్దున్నుంచీ తుఫాను. సముద్రం రోడ్డు మీదికొచ్చింది, ట్రాము ఆగిపోయింది, సగం దూరం నడిచి తడిసి ముద్దై వచ్చాను. మేడమ్ సంతకం పెట్టాను. తోక బాగా కుదిరింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని కంపైలర్ నడిపితే మొదటి మాటే "అలాంటి ఫైలు లేదు" అంది. మందు మోతాదుల పట్టిక ఉన్న ఫోల్డరు నా కళ్ళెదుటే ఉంది! గంట తలబాదుకున్నాక తెలిసింది, మేడమ్ ఆ ఫోల్డరుకి మన అరబీలో "కొత్త సీసాలు" అని రెండు మాటల పేరు పెట్టింది. మధ్యలో ఖాళీ ఉంది కదా, కంపైలర్ అక్కడితో దారి అయిపోయిందనుకుని మొదటి మాట ఒక్కటే పేరుగా ఉన్న ఫోల్డరు కోసం వెతుకుతోంది. పేరంతా కొటేషన్లలో పెట్టాక దారికొచ్చింది.

దారికొచ్చి, గుమ్మంలో ఆపింది. "అనుమతి లేదు."

ఆ ఫోల్డరు మందుల విభాగం డాక్టర్ బుత్రుస్ పేరున ఉంది. మూడు వారాల క్రితం ఆయనా మేడమూ పక్కపక్కన కూర్చుని మోతాదుల పట్టిక చేశారు. తర్వాత ఆయన, తాను తప్ప ఎవరూ చదవడానికి కూడా వీల్లేకుండా దానికి తాళం బిగించాడు. కంపైల్ చెయ్యాల్సినప్పుడు తానే వచ్చి తన చేత్తో తెరుస్తాడట. ఇప్పుడాయన జనవరి ఏడున వచ్చే కోప్టిక్ క్రిస్మస్‌కి వాళ్ళ ఊరు మిన్యాలో ఉన్నాడు.

అనుమతులు మార్చబోయాను, "నీకా హక్కు లేదు" అంది. కాపీ తియ్యబోయాను, అదీ కుదరదు. సర్వరు పెత్తనం కైరో వాళ్ళది, వాళ్ళకి ఉత్తరం రాయాలి, ఉత్తరానికి ముద్ర కావాలి. ఈలోగా సఫ్వత్ గారు రెండుసార్లొచ్చి నా భుజం మీంచి తొంగిచూశాడు. "రెండు గీతలు మార్చడానికి ఇంతసేపా ఇంజినీరు గారూ? మా ఆవిడ ఇంతలో ఇల్లంతా సున్నం కొట్టిస్తుంది."

డాక్టర్ బుత్రుస్‌కి ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు. ఇంకా ఏదో అన్నాడు. కిటికీ కొట్టుకుంటోంది, గాలికి సరిగా వినపడలేదు.

రెండింటికి మేడమ్ సొంత ఫోల్డరులో అదే పేరుతో ఇంకో పట్టిక దొరికింది. పాతది. అవే వరసలు, అవే గళ్ళు. కంపైలర్‌కి ఆ దారి చూపించాను. ఆదివారం దాకానే, ఆయన రాగానే మళ్ళీ తిప్పేస్తాను. ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైలైంది.

అప్పుడే మా ఆఫీసులో టీలు అందించే రిజ్క్ బాబాయ్ పుదీనా టీ తెచ్చాడు. తెర మీద గద్దని చూసి, "మా ఆవిడ బహీయా చీటీ మీద కూడా పడుతుందా ఇది, ఇంజినీరు బాబూ?" అన్నాడు.

"మొదటిది ఆవిడదే తీస్తాను, చూడు బాబాయ్" అని బహీయా పేరుతోనే ప్రింటు కొట్టి చేతికిచ్చాను. బాబాయ్‌కి చదువు రాదు. ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏళ్ళ తరబడి సూదులు పొడిపించుకుంటోంది, ఇన్నాళ్ళకి మంత్రి పెళ్ళానికిచ్చినట్టు కాగితం ఇచ్చారు" అని మురిసిపోయాడు. తన గ్లాసుల పళ్ళెం మర్చిపోయి వెళ్ళి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాడు.

టీ ఇవాళ మరీ తీపి. బాబాయ్‌కి చక్కెర లెక్క తప్పింది.

జనవరి 10, బుధవారం

ఆదివారం దారి మార్చాలి. మర్చిపోకూడదు. కొత్త చీటీలు ఇవాళ వార్డుకి వెళ్ళాయి.

జనవరి 11, గురువారం

పెద్దాయన వచ్చాడు, చీటీని దీపానికి ఎదురుగా ఎత్తిపట్టుకుని చూశాడు, "భేష్" అన్నాడు. సఫ్వత్ గారు నా వీపు మీద చరిచాడు. మేడమ్ నా చెవిలో, "నాకు రావాల్సిన దెబ్బ అది, నా లాగిన్‌తో కొట్టేశావు" అంది. తను మంగళవారం వానలో నాలుగు గంటలు నిలబడిందట, వంతు రాకముందే కౌంటరు మూసేశారట.

పట్టిక సంగతి చెబుదామనుకున్నాను. ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుతోంది.

జనవరి 14, ఆదివారం

ఎడారి రోడ్డు మూసేశారు. డాక్టర్ బుత్రుస్ మంగళవారం వస్తాడట. రెండు రోజుల్లో మునిగిపోయేదేముంది.

జనవరి 15, సోమవారం

టీ రాలేదు. రిజ్క్ బాబాయ్ సెలవు. శనివారం డయాలసిస్ నుంచి తీసుకెళ్తుంటే బహీయా ఇంటి మెట్ల మీద జారిందట, తల గోడకి తగిలిందట. పెద్ద దెబ్బేం కాదట. నిన్న సాయంత్రం నుంచీ మాట్లాడటం లేదట.

మధ్యాహ్నం నర్సు ఇబ్తిసామ్ మా గదికొచ్చింది. "ఇంజినీరు గారూ, బుధవారం నుంచీ నలుగురైదుగురికి సూది తీసినచోట రక్తం ఆగడం లేదు. గంటసేపు గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నాం. చీటీలో అంకె ఎక్కువనిపించి మా హెడ్ నర్సుని అడిగాను. గద్ద ముద్ర ఉన్న కాగితాన్ని ప్రశ్నించడానికి నువ్వెవరంది."

చూస్తానన్నాను.

చూడలేదు. తల నొప్పిగా ఉండి ఇంటికొచ్చేశాను.

జనవరి 16, మంగళవారం

డాక్టర్ బుత్రుస్ తొమ్మిదింటికి వచ్చాడు. వార్డులో మంచం మీద ఉన్న చీటీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆయన కేక మా గదిలోకి వినపడింది.

"ఇవి పాత సీసాల అంకెలు! ఇప్పుడున్న సీసాల్లో మందు రెండింతలు ఘాటు! ఎవడు తీశాడు ఈ చీటీలు?"

యంత్రాలన్నీ ఆపించాడు. పదింటికి దారి మార్చాను, ఆయనే పక్కన నిలబడి తాళం తీశాడు. రెండు నిమిషాల పని.

పదకొండింటికి కబురొచ్చింది. బహీయా పోయింది. తల లోపల రక్తం చేరిందట.

జనవరి 17, బుధవారం

సంతాపానికి వెళ్ళాను. వీధిలో గుడారం, కుర్చీలు, చక్కెర లేని కాఫీలాంటి మాటలు. రిజ్క్ బాబాయ్ నన్ను కావలించుకుని, "నీ చేత్తో మొదటి చీటీ తీసిచ్చావు బాబూ, అది దిండు కింద పెట్టుకుంది" అన్నాడు.

"మెట్లు తడిగా ఉన్నాయి బాబాయ్. జారింది. ఎవరేం చెయ్యగలరు" అన్నాను.

మెట్లు నిజంగానే తడిగా ఉన్నాయి. నేను చూశాను. ఆ మెట్ల మీద నేను కూడా జారబోయాను.

జనవరి 18, గురువారం

కైరో నుంచి కమిటీ. సర్వరు చిట్టాలో తొమ్మిదో తేదీ రెండు గంటల పది నిమిషాలకి పట్టిక దారి మార్చింది ఎవరంటే, "ఇన్షిరాహ్". హాజరు పుస్తకంలో తొమ్మిదో తేదీన "ఇన్షిరాహ్", తోకతో సహా. సఫ్వత్ గారిని అడిగితే, ఆ రోజు తను ఆ గదివైపే వెళ్ళలేదని రాసిచ్చాడు. కేసు ప్రాసిక్యూటరుకి పంపారు. మేడమ్‌ని ఇంటికి పంపించేశారు. ఆవిడ తన గ్లాసూ, మోకాళ్ళకి కప్పుకునే శాలువా సంచిలో పెట్టుకుంటుంటే నేను కిందకెళ్ళి సిగరెట్ కాల్చాను.

నన్నెవరూ ఏమీ అడగలేదు. డాక్టర్ బుత్రుస్ నా ఫోన్ సంగతి చెప్పినా, మేడమ్ తరఫున చేశాననుకున్నారట. నాకు లాగిన్ లేదు కదా.

జనవరి 19, శుక్రవారం

ఫోన్ సరిగా వినపడలేదు. గాలి బాగా ఉంది ఆ రోజు. ఎవరినైనా అడగండి, ఆ రోజు ఎంత గాలో.

జనవరి 21, ఆదివారం

మేడమ్ విచారణకొచ్చి వెళ్తోంది. మెట్ల మలుపులో ఎదురుపడింది. తప్పుకోవడానికి చోటు లేదు.

"నేను ఆ రోజు రాలేదని చెప్పాను" అంది. "పుస్తకం తెరిచి చూపించారు. అయితే ఈ సంతకం ఎవరు పెట్టారన్నారు. తెలీదన్నాను."

"ఎందుకు మేడమ్?"

"నీ పేరు నేను చెబితే, ముసలిది తన తప్పు పిల్లాడి నెత్తిన రుద్దుతోందంటారు. నువ్వు చెప్తేనే చెల్లుతుంది. వగ్దీ, నా వయసు యాభై తొమ్మిది. పెన్షన్ పోతే ఏ అల్లుడి ఇంట్లోనో గిన్నెలు తోముకుని బతుకుతాను. వీళ్ళు జైలంటున్నారు." గొంతు తగ్గించింది. "ఆ పాస్‌వర్డ్ నీకు నమ్మి ఇచ్చాను."

"చెప్తాను మేడమ్."

"ఎప్పుడు?"

"ఈ వారంలో."

ఆవిడ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చెయ్యి పట్టుకుని దింపొచ్చు. దింపలేదు.

జనవరి 22, సోమవారం

రిజ్క్ బాబాయ్ పనిలోకొచ్చాడు. నాకు టీ తెచ్చాడు. తాగాను.

జనవరి 23, మంగళవారం

బాబాయ్ అడిగాడు: "ఇన్షిరాహ్ మేడమే చేసిందంటున్నారు, నిజమేనా బాబూ? పండక్కి మా బహీయాకి పాత కోటు ఇచ్చిందే. ఆవిడ అలా ఎందుకు చేస్తుంది?"

విచారణ జరుగుతోంది కదా బాబాయ్, అన్నాను. సిగ్గులేని వెధవని నేను.

జనవరి 25, గురువారం

సెలవు. నజ్వాకి చెప్పాను. నా భార్య మామూలుగా మాట మాటకీ పదిమాటలంటుంది, ఇవాళ అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆపేసింది. "పిల్లకి రెండేళ్ళు" అంది. గిన్నెలు సర్దుతూ, "ఆవిడ మన పెళ్ళికొచ్చింది, గుర్తుందా, పొద్దుపోయేదాకా నాలుక ఆడిస్తూ జగ్రూదల కేకలు పెట్టింది" అంది.

ఆదివారం వెళ్తాను.

జనవరి 28, ఆదివారం

వెళ్ళాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. ప్రాసిక్యూటరు నాకంటే చిన్నవాడు, జలుబుతో ఉన్నాడు. అంతా చెప్పాను, ఫోల్డరు పేరులో ఖాళీ దగ్గర్నుంచి. విన్నాడు. ఫైలు తిరగేశాడు.

"నీకు ఆ సర్వరు మీద లాగిన్ ఉందా?"

"లేదండీ. ఏడు నెలలుగా కైరోలో..."

"చూశాను. 'అనుమతి ఇవ్వబడలేదు' అని వాళ్ళు ముద్ర వేసి పంపిన కాగితం ఇదిగో. ముద్ర కింద నీ పేరు. కాగితం ప్రకారం నువ్వు ఆ మిషను ముట్టుకోలేవు."

"మేడమ్ లాగిన్‌తో చేశానండీ."

"ఆవిడే కూర్చుని ఉందిగా, సంతకం ఉంది."

"ఆ సంతకం కూడా నేనే పెట్టాను."

కాగితం, పెన్ను నా ముందుకి తోశాడు. "ఏదీ, పెట్టు."

మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు పెట్టే సంతకం. పెట్టాను. తోక పైకి పోవాల్సింది కిందకి పోయింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, జేబురుమాల్లో ముక్కు చీదుకున్నాడు.

"ఆవిడ నీకు తల్లిలాంటిదని ఇక్కడ అందరూ చెప్పారు. కాపాడాలనుకోవడం మంచిదే. కానీ నా టైమ్ పాడుచెయ్యకు. ఆ రోజు ఆ కుర్చీలో నిన్ను కళ్ళతో చూసినవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా. బుధవారం ఫైలు కోర్టుకి పోతుంది."

చూసినవాళ్ళు ఇద్దరు. ఒకడు ఆ గదివైపే రాలేదు. ఇంకొకాయన పళ్ళెం మర్చిపోయి రెండుసార్లు వచ్చాడు.

దేవుడా, ఆయన దగ్గరికే వెళ్ళమంటావా.

జనవరి 29, సోమవారం

ముందు ఇక్కడ రాసి, తర్వాత నోటితో చెప్పాలనుకున్నాను, అందుకే ఇది పొద్దున రాస్తున్నాను. వినపడింది. ఫోన్‌లో డాక్టర్ బుత్రుస్ అన్న ప్రతి మాటా వినపడింది. "కొత్త సీసాలు వచ్చాయి నాయనా, పాత పట్టిక మాత్రం ముట్టుకోవద్దు, ఆదివారం దాకా ఆగు" అన్నాడు. ఫోల్డరు పేరు కూడా కొత్త సీసాలే. ఆ పేరుతో గంట కుస్తీపట్టినవాణ్ణి నాకు తెలియకపోవడమేంటి. నాలుగైదు రోజులకి ఏం కాదులే అనుకున్నాను. సఫ్వత్ గారి అరుపులు తప్పితే చాలనుకున్నాను. అంతే. ఇంకేం లేదు.

ఇక్కణ్ణుంచి రాత్రి రాస్తున్నాను. మధ్యాహ్నం టీ గదికి వెళ్ళాను. బాబాయ్ గ్లాసులు కడుగుతున్నాడు. తలుపు దగ్గర నిలబడే చెప్పాను. చీటీలోని అంకె గురించి చెప్పాను. ఫోన్ గురించి కూడా చెప్పాను. మొదట ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పమన్నాడు. చెప్పాను. స్టవ్ మీద నీళ్ళు మరిగిపోతున్నాయి. కట్టేశాడు.

"మెట్లు తడిగా ఉన్నాయన్నావుగా" అన్నాడు. "మా గుమ్మంలో నిలబడి, నువ్వే అన్నావుగా."

"అన్నాను బాబాయ్."

"నిన్ను కావలించుకున్నానురా నేను."

ఏళ్ళ తరబడి బాబూ అన్న మనిషి. చేతిలో గ్లాసుంది, విసురుతాడేమో అనుకున్నాను, విసిరితే బాగుండుననుకున్నాను. దాన్ని తుడిచి బోర్లించాడు. మిగిలినవి కూడా ఒక్కొక్కటే తుడిచి బోర్లించాడు. నేను నిలబడే ఉన్నాను. మేడమ్ కోసం సాక్ష్యం కావాలని, నా కోసం కాదని చెప్పాను. ఆ మాట చెప్పడానికి కూడా నాకు నోరెలా వచ్చిందో తెలీదు.

"ఎన్నింటికి?" అన్నాడు, నావైపు చూడకుండా.

"పొద్దున తొమ్మిదింటికి."

"నేను వేరే ట్రాములో వస్తాను."

జనవరి 30, మంగళవారం

బాబాయ్ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు, శుభ్రమైన పొడవాటి గల్లాబియా అంగీలో. పక్కన ఖాళీ ఉంది. నేను నిలబడ్డాను.

ప్రాసిక్యూటరు అడిగాడు, గుమాస్తా రాసుకున్నాడు. తొమ్మిదో తేదీ మీరు ఆ గదికి వెళ్ళారా? వెళ్ళాను. ఎన్ని గంటలకి? మధ్యాహ్నపు జుహర్ నమాజు చేసుకుని వచ్చి నీళ్ళు పెట్టాను, రెండు దాటింది. కుర్చీలో ఎవరున్నారు? బాబాయ్ వేలు ఎత్తి నన్ను చూపించాడు. మేడమ్ ఇన్షిరాహ్ ఉన్నారా? లేదు, ఆవిడ శాలువా కుర్చీకి వేలాడుతోంది, ఆవిడ లేదు. ఈయన ఏం చేస్తున్నారు? "మిషనులో పక్షిని చూపించారు. మా ఆవిడ చీటీ తీసి నా చేతికిచ్చారు" అని లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గద్ద, సెంటరు పేరు, బహీయా పేరు, బరువు, అంకె. మూలన అచ్చయిన సమయం, రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. ప్రాసిక్యూటరు దాన్ని చిట్టా పక్కన పెట్టి చూశాడు. ఇంక నన్ను ఇంటికెళ్ళమనలేదు. బయట ఉన్న పోలీసుని పిలిచి నా పక్కన నిలబెట్టాడు. మేడమ్‌కి కబురు పంపమని గుమాస్తాకి చెప్పాడు.

బాబాయ్ వేలిముద్ర వేశాడు. సిరా గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగాడు ప్రాసిక్యూటరు. అందరినీ అలాగే అడుగుతారనుకుంటాను.

బాబాయ్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఆ రోజు ఈయన టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువ వేశాను" అన్నాడు. "పళ్ళెం మర్చిపోయి పరిగెత్తింది అందుకే. చీటీ చూసి, వెనక్కెళ్ళి చక్కెర తెచ్చి, ఈయన తెరవైపు చూస్తుంటే కలిపాను. మా బహీయాది మొదట తీశాడని."

గుమాస్తా ప్రాసిక్యూటరు వైపు చూశాడు. అది కేసుకి అవసరం లేదన్నట్టు ఆయన తలూపాడు. గుమాస్తా రాసుకోలేదు.

ఈ నోటుబుక్కు కూడా సాయంత్రానికి తీసేసుకుంటారట. అందుకని ఆ చెంచా చక్కెర మాట ఇక్కడ నేను రాస్తున్నాను.